రెండు ముడుల పురికొస

కొత్తగా కార్ల షోరూముల్లో చేరిన పిల్లలు ఎక్కడ కలిసినా నన్ను ఒకటే అడుగుతారు: "సార్, మీరు మొత్తం ఎన్ని బండ్లు అమ్మిన్రు?" లెక్క పెట్టలేదంటే నమ్మరు. నిజంగానే పెట్టలేదు. ఆ లెక్క మేనేజరు వెనక గోడకున్న తెల్లబోర్డు మీద ఉండేది, నెలాఖరున తడిగుడ్డతో తుడిచేసేవాళ్లు. అమ్మిన బండ్లలో రంగుతో సహా గుర్తున్నవి పది కూడా ఉండవు. వాటిలో ఒకదాని గురించి రాస్తున్నాను. నేను గొప్పగా అమ్మిన బండి కాదది. అసలు నేను అమ్మానని కూడా అనలేను, ఒక టీచరమ్మే వచ్చి కొనుక్కుంది. నేను చేసిందల్లా దాన్ని చెడగొట్టడం.

నేను మొదట మిర్యాలగూడలో ట్రాక్టర్లు అమ్మాను. తర్వాత సూర్యాపేటలో హైవే పక్కనున్న కార్ల షోరూములో చేరి అక్కడే రిటైరయ్యాను. కోదాడ, మిర్యాలగూడ కూడా మా కిందికే వచ్చేవి. మూడూళ్ల వాళ్లు మూడు రకాలుగా కొంటారు. మిర్యాలగూడ మిల్లు యజమానులు బండిని చూడరు. పక్క మిల్లాయన ఏది కొన్నాడో కనుక్కుని, దానికంటే ఒక మెట్టు పైది చూపించమంటారు. కోదాడ వాళ్లు విజయవాడలో చెప్పిన రేటు ఫోన్లో పెట్టుకుని వస్తారు. సూర్యాపేటలో కొనేది ఒకడైతే ఎనిమిది మంది దిగుతారు. ఆ ఎనిమిది మందిలో అన్నీ తెలిసిన బావమరిది ఒకడుంటాడు, అతన్ని ఒప్పిస్తే చాలు.

మూడూళ్లలోనూ ఉమ్మడిగా ఉండే అలవాటు ఒకటుంది. కావాల్సినదాన్ని కావాలని ఎవరూ అనరు. "సీటు కవర్లు వేయించమంటారా?" అంటే "వద్దు సార్, ఎందుకు?" అంటారు. ఊరికే వేస్తే వేయమని దాని భావం. నమ్మి వేయకుండా ఇచ్చామా, డెలివరీ రోజు మొహం మాడ్చుకుంటారు. టీ తాగమన్నా రెండుసార్లు వద్దని మూడోసారి గ్లాసు అందుకుంటారు. ఇరవై ఏళ్లు నేను ఈ వద్దుల మీదే బతికాను. ఎవరి వద్దు ఎంత మెత్తనిదో వినగానే చెప్పగలనని నాకు పొగరు ఉండేది. కొత్తగా వచ్చిన వాళ్లకు అందరికంటే ముందు నేర్పింది కూడా అదే.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం ఆమె గొడుగు ముడుచుకుంటూ లోపలికి వచ్చింది. గరిడేపల్లి దగ్గర ఒక సర్కారు బడిలో టీచరు, యాభై దాటిన మనిషి. బస్సు దిగి నడిచి వచ్చినట్టు చెప్పుల దుమ్మే చెబుతోంది. ఒంటరిగా వచ్చిన ఆడమనిషిని మా షోరూములో ఏసీ కోసం వచ్చినవాళ్ల జాబితాలో వేసేవాళ్లు, కాబట్టి ఎవరూ లేవలేదు. నేను తలుపు పక్క బల్ల దగ్గర ఉన్నాను గనక లేచాను.

"ఏ బండి చూస్తరు మేడమ్? మీ అబ్బాయికా?"

"మా ఆయనకు. నడిపేది నేను" అంది. "ఆదివారం ఆదివారం కోదాడ పోయి నేర్చుకున్న. లైసెన్స్ గూడ వచ్చింది."

మైలేజీ అడగలేదు, రంగులు అడగలేదు. చేతిసంచిలోంచి ఒక పురికొస ముక్క తీసింది. వరసలో మొదటి బండి ఎడమపక్క ముందు తలుపు తెరిచి, పురికొస ఒక కొస నేలకు ఆనించి, కాలితో తొక్కిపెట్టి, నిటారుగా సీటు దాకా లాగి చూసింది. తల అడ్డంగా ఊపి రెండో బండి దగ్గరికి పోయింది. అద్దాల గదిలో మావాళ్లు ఇద్దరు మొహం తిప్పుకుని నవ్వుకుంటున్నారు. మూడో బండి దగ్గర ఇక ఆగలేక ఏం కొలుస్తున్నారని అడిగాను.

ఆమె పాఠం చెప్పినట్టే చెప్పింది. వాళ్లాయన బస్సు డ్రైవరు. సర్వీసులో ఎక్కువ భాగం కోదాడ, మిర్యాలగూడ మధ్యే నడిపాడు. పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. ఇంట్లో కర్ర పట్టుకుని నడుస్తాడు. పద్నాలుగు నెలల నుంచి గేటు దాటలేదు.

"మిర్యాలగూడ డాక్టరు వారానికి మూడుసార్లు తీసుకరండ్రి, వ్యాయామాలు చేపిస్తే చెయ్యి మళ్ల తిరుగుతదన్నడు. మొదట్ల ఒక్కసారి అంబులెన్సు పిలిచినం. ఇద్దరు పోరగాండ్లొచ్చి చంకలల్ల చేతులు పెట్టి, బియ్యం బస్తాను లేపినట్టు లేపి లోపటేసిన్రు. బజారంత సూసింది. అంతే, ఇగ కదల్లే. దవాఖానకు రాడు, చర్చికి రాడు. డాక్టరేమో ఇగ ఆలస్యం చేస్తే ఆ చెయ్యి అట్లనే ఉండిపోతదంటున్నడు."

"మరి కారైతే వస్తనన్నడా?"

"ఒక్క మాటన్నడు సార్. నన్ను ఎవలు ఎత్తకుంట, నా అంతట నేను ఎక్కే బండి తీస్కరా, యాడికంటే ఆడికి వస్త అన్నడు. వస్తనన్నది అదొక్కసారే."

పురికొసకు రెండు ముడులున్నాయి. రెంటి మధ్య మూడు వేళ్ల ఎడం. ఇంట్లో కుర్చీ కింద చెక్కలు పెట్టుకుంటూ, తీసుకుంటూ నెల రోజులు చూసిందట. కింది ముడి కంటే తగ్గితే కూర్చున్నవాడు లేవలేడు. పై ముడి కంటే పెరిగితే కూర్చోలేడు, కుడి కాలు నేలకు ఆనదు. బండి సీటు ఆ రెండు ముడుల మధ్య రావాలి.

అన్నేళ్లలో తనకేం కావాలో అంత కచ్చితంగా తెలిసి వచ్చిన మనిషిని నేను చూడలేదు. అద్దాల గదిలో నవ్వుతున్న ఇద్దరినీ పిలిచి తలుపులు తెరిపించాను. అన్ని బండ్లూ కొలిచాం. జనం ఎగబడి కొనే ఎత్తు బండ్లన్నీ పై ముడి దాటిపోయాయి. పొడుగాటి డిక్కీ ఉన్నవి కింది ముడి దగ్గరికే రాలేదు. చివరకు మూలన పెట్టిన ఒక చిన్న బండి, రోజంతా ఎవరూ తలుపు తీయని బండి, దాని సీటు పై ముడికి కాస్త కిందగా సరిపోయింది. ఆమె ఎడమ చెయ్యి కదపకుండా, ఎడమ కాలు ఈడ్చుకుంటూ, అచ్చం ఆయన లాగే ఐదుసార్లు కూర్చుని లేచింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"ఇదే. ఇట్లనే గావాలె సార్" అంది. "దీనికి ఏం మార్చకుండ్రి. ఏం ఎయ్యకుండ్రి."

డెలివరీ ఇంటి దగ్గరే కావాలంది. కొబ్బరికాయ కొట్టాలా, ప్రార్థన చేయించాలా అని రాసుకోవడానికి మా ఫారంలో ఒక గడి ఉండేది. "ప్రార్థన మేమే చేసుకుంటం. మీరు పొద్దుగాల తెచ్చి గేటు ముంగట పెట్టి పోండ్రి. చప్పుడు వద్దు, ఫొటోలు వద్దు" అంది.

వద్దులన్నీ విన్నాను. విని, నా దగ్గరున్న మిగతా వద్దులతో కలిపి పెట్టేశాను.

సామాన్ల విభాగం చూసే అతనిది కోదాడ. సీటు కవర్లు, మ్యాట్లు అన్నీ అతని చేతిలోనివే. కథంతా వినగానే అతని మనసు కరిగిపోయింది. "అదేంటండీ, అంత కష్టంలో ఉన్న టీచర్ గారికి ఒట్టి సీట్లతో బండిస్తామా? మెత్తటి కవర్లు వేద్దామండి. ఆ పెద్దాయనకి కూర్చుంటే హాయిగా ఉండాలి" అన్నాడు. ఆమె వద్దందని చెప్పాను. "వద్దనక ఏమంటారండీ, పాపం" అన్నాడు. నేను నేర్పిన పాఠం నాకే ఒప్పజెప్పాడన్నమాట. ఆ నెల మా ఇద్దరికీ సామాన్ల టార్గెట్ మిగిలే ఉంది. ఆమెకు ఏదైనా చేయాలనీ నిజంగానే ఉంది. కవర్లు వేయించింది ఈ రెంటిలో దేనికోసమో ఇప్పటికీ తేల్చుకోలేదు.

వేసింది మా దగ్గరున్న వాటిలోకెల్లా ఖరీదైన రకం. వేలెడు మందం స్పాంజి, పైన నున్నగా మెరిసే తోలు. దాని మీద పాలిథిన్ అలాగే ఉంచాం. కొత్త బండి పాలిథిన్ మా దగ్గర ఎవరూ చింపరు, అదే చిరిగిపోవాలి.

మా మేనేజరు హైదరాబాదు నుంచి వచ్చిన కుర్రాడు, చెడ్డవాడు కాదు. అతనికీ కథ నచ్చింది. "ఇలాంటి డెలివరీ మళ్లీ దొరకదు సార్, మనం గ్రాండ్‌గా చేద్దాం" అని నన్నూ, కోదాడతన్నీ, మరో నలుగురినీ వెంటేసుకుని తనే బయల్దేరాడు. బండికి ఎర్ర రిబ్బను, మనిషంత అట్ట తాళంచెవి, ఒక కేకు, పాటలకు స్పీకరు. తొమ్మిదింటికి మేం ఆ వీధిలోకి దిగేసరికి, స్పీకరు పుణ్యమా అని ఊళ్లో సగంమంది గేటు ముందుకు చేరారు.

టీచరమ్మ గడపలోకి వచ్చి రిబ్బను వైపు చూసింది. ఆమె మొహం పాలిపోవడం నేను చూశాను. వచ్చినవాళ్లను ఏమీ అనలేక లోపలికి తిరిగి వాళ్లాయన్ని పిలుస్తూ, "రాండ్రి" అంది.

ఆయన వచ్చాడు. నున్నగా గడ్డం చేసుకుని, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా తొడుక్కున్నాడు. కర్ర వేసుకుంటూ వసారా మెట్టు దిగి, గేటు దాటి బండి దగ్గరికి వచ్చాడు. ఎవరో స్పీకరు ఆపారు. రిబ్బను పక్కకు నెట్టి, బండికి వీపు పెట్టి తిరిగాడు. కర్ర భార్య చేతికిచ్చాడు, తెరిచిన తలుపును కుడిచేత్తో పట్టుకున్నాడు, మెల్లగా వంగాడు. ఇంట్లో కుర్చీ మీద ఎన్నిసార్లు చేసి చూసుకున్నాడో, ఎక్కడా తడబాటు లేదు.

సీటు అంచు అనుకున్న చోట లేదు. మరో వేలెడు పైన ఉంది. తొడల వెనకభాగం అంచుకు తగిలి కుడి పాదం నేల మీంచి లేచింది, పాలిథిన్ మీద మనిషి ముందుకు జారాడు. మోకాలు నేలకు తగలబోతుండగా నేను వెళ్లి పట్టుకున్నాను. ఆలోచించి చేసింది కాదు. రెండు చంకల్లో చేతులు పెట్టి ఎత్తాను, కోదాడతను కాళ్లు పట్టాడు, ఇద్దరం కలిసి ఆయన్ని సీట్లో కూర్చోబెట్టాం.

మావాళ్లు చప్పట్లు కొట్టారు. కస్టమరు సీట్లో కూర్చోగానే చప్పట్లు కొట్టడం మా దగ్గర రివాజు. వాళ్ల తప్పేం లేదు, చేతులకు అలవాటైపోయింది.

ఆయన అద్దంలోంచి ఎదురుగా చూస్తూ ఉన్నాడు. కోపం కాదు, ఏడుపూ కాదు. ఆ మొహంలో ఇక ఏమీ అడగదలచుకోని మనిషి కనిపించాడు. కాసేపటికి "దింపుండ్రి" అన్నాడు. దింపాం. దింపడమంటే మళ్లీ ఎత్తడమే. కర్ర అందుకుని, ఎవరి వైపూ చూడకుండా లోపలికి పోయి తలుపేసుకున్నాడు.

టీచరమ్మ చేతిసంచిలోంచి పురికొస తీసింది. ఒక కొస తొక్కిపెట్టి సీటు దాకా లాగింది. పై ముడి సీటు అంచుకు కిందే ఆగిపోయింది. ఆ ముడిని నాకు చూపించి, గొంతు పెంచకుండా, "నేను వద్దన్న గద సార్" అంది.

ఉద్యోగంలో నన్ను తిట్టినవాళ్లు చాలామంది ఉన్నారు. కాలరు పట్టుకున్న బావమరుదులూ ఉన్నారు. ఎవరి మాటా నాకు అంత లోతుగా దిగలేదు.

మేనేజరు కేకుతో సహా వెళ్లిపోయాడు. నేనూ కోదాడతనూ అక్కడే, ఆ ఎండలోనే కవర్లు విప్పాం. సీటు కింద తల పెట్టి ఒక్కో కొక్కెం ఊడదీస్తూ అతను "పెద్ద పొరపాటైపోయిందండి, పెద్ద పొరపాటైపోయింది" అని మంత్రంలా అంటూనే ఉన్నాడు. విప్పడం అయ్యాక ఆమె మళ్లీ కొలిచింది, ముడికి కిందే వచ్చింది. కిటికీ పరదా కదిలినట్టనిపించింది గానీ తలుపు తెరుచుకోలేదు. తాళాలు ఆమె చేతిలో పెట్టి వచ్చేశాం.

ఆ తర్వాత ఆమె ఫోన్ చేయలేదు. డెలివరీ ఎలా జరిగిందని కంపెనీ వాళ్లు ఫోన్లో అడిగితే అన్నీ బాగున్నాయని చెప్పిందట. మా షోరూముకు నూటికి నూరు మార్కులు వచ్చాయి. మేనేజరు సంతోషించి మెసేజ్ పెట్టాడు. ఆ మార్కులు చూసి నాకు మరింత సిగ్గేసింది.

రెండు వారాలు చూసి, ఒక ఆదివారం సెలవు రోజున, షోరూము చొక్కా కాకుండా మామూలు చొక్కా వేసుకుని గరిడేపల్లి బస్సెక్కాను. ఏం చేద్దామని పోతున్నానో నాకే తెలియదు. బండి మేం పెట్టిన చోటే ఉంది, పైన పాత దుప్పటి కప్పి ఉంది. టైర్ల చుట్టూ దుమ్ము అలాగే ఉంది. ఆయన వసారాలో కుర్చీలో కూర్చున్నాడు. కుర్చీ కాళ్ల కింద చెక్కలు ఉన్నాయి.

నన్ను గుర్తుపట్టాడు. "మళ్ల ఎత్తనీకి వచ్చినవా?" అన్నాడు.

"లేదన్నా. తప్పు నాదే. టీచరమ్మ వద్దన్నా ఆ కవర్లు నేనే ఏపిచ్చిన. ఆ మాట మీతోని చెప్పి పోదామని వచ్చిన."

టీచరమ్మ మంచినీళ్లు తెచ్చిచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. నేను గ్లాసు కింద పెట్టాక ఆయన "ఏ బస్సుకొచ్చినవ్?" అని అడిగాడు. చెప్పాను. ఎంత ఆలస్యమైందని అడిగాడు. అరగంట అన్నాను.

"అరగంటనా?" నిజంగానే కష్టం కలిగినట్టు తల ఊపాడు. "ఏం నడుపుతున్నరో ఏమో. నేను ఈ రోడ్డు మీద నడిపినన్ని రోజులు బండిని సూసి గడియారం పెట్టుకునేటోళ్లు." తర్వాత బండి మీది దుప్పటి వైపు చూశాడు. "దానికి ఎండ తగిలితే రంగు పోతదా?"

"నిలబెట్టి ఉంచితే బ్యాటరీ పోతదన్నా. రంగు పోదు" అన్నాను.

ఆయన కర్ర అందుకున్నాడు. "దుప్పటి తియ్యి" అన్నాడు. తీసి, ఎడమపక్క తలుపు తెరిచిపెట్టాను. "టీచరమ్మా, నువ్వు లోపటికి పో." ఆమె లోపలికి పోయింది. "నువ్వు గోడ దిక్కు తిరుగు. ఏమైనా సరే ఇటు తిరుగొద్దు. పడితే పడ్డ. వద్దన్న అంటే వద్దనే."

తిరిగాను. నా ఎదురుగా సున్నం పెచ్చులు లేచిన ప్రహరీ గోడ. వెనక కర్ర చప్పుడు, ఒకటి, రెండు, మెట్టు దగ్గర ఆగి మళ్లీ మొదలైంది. గేటు కిర్రుమంది. తర్వాత కర్రను బండికి ఆనించిన చప్పుడు. తర్వాత ఏమీ వినపడలేదు. చాలాసేపు వినపడలేదు. ఒకసారి గట్టిగా ఊపిరి పీల్చినట్టు, ఒకసారి చెప్పు నేల మీద రాసుకున్నట్టు అనిపించింది. నా చేతులు వాటంతట అవే లేస్తుంటే రెండూ గోడకు ఆనించి గట్టిగా అదిమిపెట్టాను. నా బతుకులో ఏ పనీ చేయకుండా నిలబడడానికి అంత కష్టపడింది అదొక్కసారే.

స్ప్రింగు మెల్లగా మూలిగింది. తర్వాత తలుపు పడింది.

తిరిగి చూస్తే ఆయన సీట్లో ఉన్నాడు. మొహమంతా చెమట, తెల్లగా నెరిసిన జుట్టు నుదుటికి అంటుకుంది. కుడిచేత్తో ఎడమకాలును సర్దుకుంటున్నాడు. "టీచరమ్మా, తాళాలు తీస్కరా!" అని కేకేశాడు. ఆమె గుమ్మం వెనకే ఉన్నట్టుంది, వెంటనే వచ్చింది. కళ్లు తుడుచుకుని వచ్చిందని తెలుస్తూనే ఉంది.

"నువ్వు ఎన్కకు ఎక్కు. బస్టాండుల దింపుతం" అన్నాడు నాతో.

బస్టాండు ఆ ఇంటికి కూతవేటు దూరం. అంత దూరంలోనే ఆమెను నాలుగుసార్లు తిట్టాడు. "క్లచ్ మీదికెల్లి కాలు తియ్యి... తియ్యి అన్న... అద్దంల సూస్తున్నవా?" ఆమె ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదు. వెనక సీట్లోంచి నాకు అద్దంలో ఆమె మొహం కనపడుతోంది, నవ్వుతోంది.

బస్టాండులో ఒక బస్సు ఆగి ఉంది. ఆ డ్రైవరు ఈయన్ని గుర్తుపట్టి, సగం బయటికి వంగి చెయ్యి ఊపాడు. ఈయన ముఖ్యమంత్రి లెవెల్లో కుడిచెయ్యి ఎత్తాడు. నేను కిందికి దిగి, అలవాటుకొద్దీ గబగబా ముందుకు వెళ్లి ఆయన తలుపు దగ్గర నిలబడ్డాను. ఎందుకు నిలబడ్డానో అప్పుడు తట్టింది. రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాను.

ఆయన నా చేతులు ఎక్కడికి పోయాయో చూశాడు. మూతి ఒక పక్కకే కదిలింది గానీ నవ్వేనది.

"సోమవారం మిర్యాలగూడ పోవాలె" అన్నాడు. నాతోనో ఆమెతోనో తెలియలేదు. తర్వాత కుడిచేత్తో డ్యాష్‌బోర్డు మీద రెండుసార్లు కొట్టి, "రైట్" అన్నాడు.

బండి ఒకసారి ఎగిరి, ఆగి, మళ్లీ కదిలింది.